చూడాలంటే కట్టాలి

అల్లూరు దాటాక, ఇసకపల్లి దోవలో
నాలుగో నెంబరు గుంట కట్టమీద రేకుల షెడ్డు.
బోర్లించిన మేత డ్రమ్ము మీద
జిలానీ భాయి పేక కలుపుతున్నాడు,
పదేళ్ళు ఓడ వంటగదిలో ఉల్లిపాయలు తరిగిన చేతులతో.

"రమ్మీ కాదబ్బయ్యా ఇది, మూడు ముక్కలాటా కాదు.
మనిషికి రెండే ముక్కలు.
అవి నీయి. పెళ్ళానిక్కూడా చూపించబాక.
మధ్యలో అయిదు పడతాయి, అవి అందరియ్యి.
ఏడింట్లో మంచియ్యి అయిదు ఏరుకో. అంతే ఆట."

ఆ అంతేకి
నాకు ఎనిమిది రాత్రులు పట్టింది.

పందెం మేత గింజలు,
చేపల కంపు కొట్టే గోధుమరంగు పలుకులు.
తలకు యాభై లెక్కపెట్టి ఇస్తాడు మీరావలీ.
తెల్లారితే గెలిచినవీ ఓడినవీ
అన్నీ రొయ్యలకే.

ముక్క చూడకముందే ఇద్దరు కట్టాలి,
ఒకడు ఒక గింజ, పక్కనోడు రెండు.
ఇదేం అన్యాయం అన్నాను.
"లీజు కట్టకుండా గుంటలో పిల్ల పోస్తారా ఎవురైనా?"
అన్నాడు చెంచయ్య. గుంట ఆయనదే.
అంటే బ్యాంకుది, మేత కొట్టోళ్ళది,
ఏమన్నా మిగిల్తే ఆయనది.

జత. దానిమీద రెండు జతలు.
దానిమీద ఒకే మొహం ముక్కలు మూడు, ఆపైన వరస.
వరస కన్నా ఒకే రంగు అయిదు ఎందుకు గొప్పో
నా తలకెక్కలేదు.
"తక్కువ దొరికేదానికే రేటు.
ముప్పై కౌంటుకీ వంద కౌంటుకీ
ఒకటే ధర ఇస్తాడా కంపెనీవోడు?"

మూడు ముక్కలు ఒక్కసారే వెల్లకిలా పడతాయి.
కట్టొచ్చు, పెంచొచ్చు,
ఎవరూ కట్టకపోతే డ్రమ్ము మీద వేలితో తట్టి ఊరకుండొచ్చు.
మనసు చెడితే ముక్కలు బోర్లించి
బీడీ ముట్టించుకోవచ్చు.
తర్వాత నాలుగోది. మళ్ళీ అదే తంతు.
అయిదోదాన్ని ఓడల్లో ఏరు అంటారట.
"మన పెన్న మాదిరే. ఎండిపొయ్యిందనుకుంటావు,
రాత్రికి రాత్రి వస్తాది."

తొమ్మిదో రాత్రి నా చేతిలో రెండు ఆసులు.
డ్రమ్ము మీద కళావర్లు మూడు, తొమ్మిదీ పదీ జాకీ.
నాలుగోది ఇస్పేటు రెండు. ఏట్లో మళ్ళీ కళావరే, నాలుగు.
చెంచయ్య తన గింజలన్నీ అరచేత్తో ముందుకు తోశాడు.
చూపు మాత్రం గుంట మీద, తిరిగే ఏరియేటరు మీద.
నేను లెక్కేశాను, చెమట పట్టింది,
ఆసులు బోర్లించాను.

"ఏముండాయి నీ దగ్గర?"
"చూడాలంటే కట్టాలబ్బయ్యా."
ముక్కలు పేకలో కలిపేశాడు.

రెండింటికి చెక్ ట్రే లేపితే
వేసిన మేత వేసినట్టే ఉంది.
టార్చి వెలుగులో ఒక రొయ్య నెత్తిన
ఉప్పురవ్వంత తెల్లమచ్చ.
ఇంకో ఇరవై రోజులాగితే యాభై కౌంటు.
డిప్లొమా చదివినవాణ్ణి కదా, చెప్పాను,
పొద్దున్నే ల్యాబుకి పంపించి చూద్దామని.

కట్టమీద గొంతుక్కూర్చున్నాడు చెంచయ్య.
"చూడాలంటే కట్టాలి" అన్నాడు మళ్ళీ,
ఈసారి నాతో కాదు.
లేచి ఫోన్ తీశాడు.
"వలలోళ్ళని పిలువు మీరావలీ.
వంద కౌంటుకే పోనీ."

ఎండెక్కేలోపు ఐసు లారీ వచ్చి వెళ్ళిపోయింది.
కాటా దగ్గర ఆయన మొహం చూశాను,
గింజలన్నీ తోసినప్పటి మొహమే.
అప్పుడేం పట్టుకున్నాడో తెలీదు,
ఇప్పుడేం వదిలాడో తెలీదు.

చొక్కా జేబులో రెండు పలుకులు మిగిలాయి.
గుంటలోకి విసరబోయి
లోపలెవరూ లేరని గుర్తొచ్చి
చెయ్యి దించుకున్నాను.